వేట లేని శుక్రవారాలు

ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా
సముద్రానికి సెలవు.
హార్బర్లో బోట్లు
ఒకదాని భుజం మీద ఒకటి వాలి కునుకుతుంటాయి.
మాకేమో ఊపిరాడదు:
విప్పిన ఇంజన్లు, కిరసనాయిల్లో నానే బోల్టులు,
గోళ్ళలోంచి అన్నంలోకి దిగే గ్రీజు.

శుక్రవారం పొద్దువాలాక
ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద కూడతాం,
డీజిలు మేస్త్రీలం, నలభై మందిమి,
ఎవరికి ఏ ఇంజను ఎలా లొంగిందో చెప్పుకోడానికి.
రిజిస్టరు నాది, గంట నాది.
ఇంజక్టర్ పంపులు సరిచేసేదాన్ని,
చుక్క ఎక్కువా చుక్క తక్కువా కాకుండా
నూనె కొలిచే చెయ్యి,
మాటలు కూడా కొలుస్తుందిలే అని
ఓ రోజు నా ముందుకు తోసేశారు.

పెద్ద చట్టమేమీ లేదు మాది.
పానా కింద పెట్టి మాట్లాడు.
ఇంజన్ని తిట్టు, మనిషిని తిట్టకు.
ఓనరు గుట్టు మేడ దిగకూడదు.
మిగతావి గోడ మీద రాశాం గానీ
ఉప్పుగాలికి సుద్ద నిలవలేదు.

ఆ శుక్రవారం ఎల్లాజీ లేచాడు.
మొన్న మొన్న చేరిన గుంటడు,
చొక్కాకింకా కొత్త మడతలున్నాయి.
"ఆయిలు తెల్లగా వత్తంది, ఎందుకండీ?"

పోలారావు మేస్త్రి కూర్చున్న చోటునుంచే
"తెల్లగా వత్తందా?
తోడెట్టీరా, రేపటికి పెరుగవుద్ది" అన్నాడు.

మేడంతా పగలబడింది.
గంట నా చేతిలోనే ఉంది.
అది మోగలేదు,
ఎందుకంటే నేనూ నవ్వాను.

నవ్వు తగ్గాక మోగించాను, మోగించి ఏం లాభం.
"మేస్త్రీ, ఆ మాట వెనక్కి తీసుకో."
"నీకు పానా పట్టడం నేర్పింది నాను."
"అందుకే నిలబడి అడుగుతున్నాను."
ఆయన మెట్లు దిగిపోయాడు.
ఎల్లాజీ అంతకుముందే దిగిపోయాడు,
ఎవరూ చూడలేదు.

ఇంజన్లో గవర్నరని ఒకటుంటుంది,
గుప్పెడు బరువులూ ఒక స్ప్రింగూ.
అది నిద్రపోతే
ఇంజను తన వేగానికి తానే పేలిపోతుంది.
అది మరీ ఉలిక్కిపడితే
ఇంజను లేస్తూ పడుతూ, లేస్తూ పడుతూ మూలుగుతుంది.
మావాళ్ళు దాన్ని హంటింగంటారు.
వేట లేని కాలంలో నేను చేసిన వేట అదే.
తర్వాతి శుక్రవారం దగ్గుకి కూడా గంట కొట్టాను.
బీడీకి లేచినవాణ్ణి కూర్చోబెట్టాను.
నోరు తెరవకముందే హాస్యాన్ని ఆపేశాను.
నలభై మంది పదిహేడయ్యారు,
ఆ పదిహేడుగురూ ఎంతో మర్యాదగా
గోడ మీది బల్లిని చూశారు.

ఆ రాత్రి జరిమానాల పేజీలో
నా పేరు నేనే రాసుకున్నాను.
పది రూపాయలు. కారణం: నవ్వు.
పక్క పేజీలో
"ఆయిలు తెల్లగా ఎందుకొస్తుంది?" అని రాసి
కింద చోటు వదిలి
రిజిస్టరు మూయకుండా టీ బల్ల మీద పెట్టేశాను.
డాల్ఫిన్ నోస్ మీంచి లైట్‌హౌస్ వెలుగు
కిటికీలోంచి వచ్చి పోయింది,
ఎవరి మీదా ఆగకుండా.

రెండు వారాలు ఆ చోట
టీ గ్లాసు ముద్ర తప్ప ఏమీ లేదు.
మూడో వారం
పెన్సిలుతో, వంగిన మేకుల్లాంటి అక్షరాలు:
"హెడ్డు గేస్కట్టు సూడు. ఆయిలు కూలరు సూడు.
అప్పటిదాకా ఇంజను తిప్పకు.
సోమారం పొద్దున్న అయిదో నెంబరు స్లిప్పు కాడ ఉంతాను.
నానూ ఒకపాలి ఇలాగే ఓ ఇంజను సంపీసాను."

సంతకం లేదు.
తోకలేని ఆ 'న' నాకు తెలుసు,
నేను విప్పిన మొదటి పంపు మీద తారీకు రాసిన చెయ్యి అది.

'సూడు' దగ్గర నా ఎర్రపెన్ను ఆగింది.
కొలిచే చెయ్యి కదా, దురద.
పెన్నుకి మూత పెట్టేశాను.

వేటకింకా పన్నెండు రోజులుంది.
గంట ఎక్కడ పెట్టానో
వెతకాలి.